పడవ ఉండాది

ఆత్మకూరు,
జూలై 9

వదినకు చెంచులక్ష్మి నమస్కారాలు.

ఫోను ఎత్తవు. వాట్సాప్‌లో పెట్టినవి చూడవు. నాలుగు నెలలుగా ఇదే వరస. నామీద ఏమైనా కోపమా అని నాయనను అడిగితే, "దానికి కోపం గాదు మే, తీరిక లేదు. దొడ్లపల్లె గోడౌను కాపలాకు ఏసినారు గదా, ఆడ సిగ్నలు రాదు" అన్నాడు. ఆ మాట నమ్మి ఈ ఉత్తరం రాస్తున్నాను. ఉదయగిరి బస్సు కండక్టరు చేతికిస్తే రేపటికల్లా నీకు అందుతుంది.

నేను కామయ్య మాస్టారి ఆఫీసులో చేరి ఏడాది నిండింది. హైస్కూల్లో మనిద్దరికీ సోషల్ చెప్పిన మనిషి ఎమ్మెల్సీ అవుతాడని ఎవరనుకున్నారు! ఆయన ఉత్తరాలు, అర్జీలు నేనే చూస్తాను. శాసనమండలి జరిగే రోజుల్లో ఆయనతో పాటు అమరావతికి వెళ్తాను. ఏసీ గది, తిరిగే కుర్చీ. మొదటి రోజు ఆ కుర్చీలో కూర్చుంటే కళ్ళు తిరిగాయి.

ఇప్పుడు పనిలోకి వస్తాను. వచ్చే సమావేశాల్లో సార్ ఒక ప్రశ్న వేస్తున్నారు. వరదలు, తుఫాన్ల సామాను కోసం సభ ఏటా డబ్బు మంజూరు చేస్తుంది. మన పడమటి మండలాలకు అందులో ఏం వచ్చింది, వచ్చింది ఎక్కడుంది, పనిచేస్తోందా అన్నది ప్రశ్న. "అరిస్తే పేపర్లో వస్తుందమ్మా. సరిగ్గా అడిగితే పని జరుగుతుంది. అడగాలంటే ముందు మనకు తెలిసుండాలి" అంటారు సార్.

ఆ సామాను ఉండేది నువ్వు కాపలా కాసే గోడౌనులోనే కదా. కళ్ళారా చూసే మనిషివి నువ్వే. ఉన్నది ఉన్నట్టు రాసి పంపు వదినా. చిన్నప్పుడు వీధి మొత్తానికి అర్జీలు రాసిపెట్టిన చెయ్యి నీది. నాకు ఉత్తరం రాయడం నేర్పింది కూడా నువ్వే.

నీ మరదలు,
చెంచులక్ష్మి


ఉదయగిరి,
జూలై 15

చెంచూకు వదిన రాసేది.

కోపం లేదు. మామ చెప్పినట్టు సిగ్నలు లేదు. ఉన్నప్పుడు తీరిక లేదు. తీరిక ఉన్నప్పుడు నీ స్టేటస్‌లు చూసి పక్కన పెడుతున్నాను. అమరావతిలో దిగిన ఫొటోలు బాగున్నాయి. ఆ ఆకుపచ్చ చీర ఎంత పెట్టి కొన్నావు?

నీకు తిరిగే కుర్చీ ఇచ్చారని మామ ఊరంతా చెప్పాడు. నాకు గోడౌను ముందు ఒక స్టూలు వేశారు. దానికి ఒక కాలు పొట్టి. అదీ తిరుగుతుంది.

సామాను సంగతి. గాలి నింపే రబ్బరు పడవ ఒకటి, నారింజ రంగుది. దానికి బిగించే మోటారు ఒకటి. రెండేళ్ళుగా దాన్ని తిప్పి చూసినవాళ్ళు లేరు. లైఫ్ జాకెట్లు ఇరవై అని రిజిస్టరులో ఉంది, లోపల పద్నాలుగే ఉన్నాయి. వాటిలో ఐదింటిని ఎలుకలు కొరికేశాయి. తాడు మంచిదే. చెట్లు కోసే మిషను ఒకటి ఉంది గానీ, దాన్ని పెట్టిన పెట్టె తాళంచెవి ఎవరి దగ్గరుందో ఇన్‌ఛార్జి సారుకే తెలీదు.

ఇంకొకటి కూడా రాస్తాను, మాస్టారికి పనికొస్తుందేమో. పోయినేడు ఎర్రవాగు పొంగినప్పుడు చప్టా అవతల ఒక నిండు చూలాలు ఆటోలో ఇరుక్కుంది. రోడ్డు మీద నీళ్ళు నడుము దాకా వస్తున్నాయి. గోడౌను తాళం తీయడానికి పైనుంచి అనుమతి రావాలన్నారు. అది వచ్చేసరికి మేం ఆరుగురు హోంగార్డులం నీళ్ళలోకి దిగి, ఆ పిల్లను ఒక మంచం మీద పడుకోబెట్టి భుజాల మీద దాటించాం. వాగుకు ఎదురు నిలబడమని చెప్పి మా చేతికి ఈల ఇచ్చారు. నిజంగానే చెంచూ, ఆ రోజు మా దగ్గరున్న ప్రభుత్వ సామాను ఆరు ఈలలే. మాకు సెలవు పెడితే ఆ రోజు కూలి లేదు. నీళ్ళలో పోతే ఇంట్లోవాళ్ళకు ఏం వస్తుందో మాకెవ్వరికీ తెలీదు.

ఇదంతా తప్పులు లేకుండా రాశాను. నువ్వు దిద్దాల్సిన పని లేదు.

ఆదిశేషమ్మ


ఆత్మకూరు,
సెప్టెంబరు 27

వదినా,

ఏం చెప్పను! ప్రశ్న వచ్చింది, చర్చకు కూడా వచ్చింది. సార్ లేచి "వాగుకు ఎదురు నిలబడమని చెప్పి వాళ్ళ చేతికి ఈల ఇచ్చారు అధ్యక్షా" అన్నారు. నేను గ్యాలరీలో కూర్చుని విన్నాను. మంత్రి గారి లిఖిత జవాబులో అంతా "అవునండి", "లేదండి", "పరిశీలనలో ఉన్నదండి". కానీ సార్ వెంటనే అనుబంధ ప్రశ్న వేసేసరికి ఆయన లేచి, ఈ సంవత్సరమే మన వైపుకు రెండు కొత్త మోటారు పడవలు ఇస్తామని హామీ ఇచ్చారు. సభలో ఇచ్చిన హామీ అంటే ఊరికే పోదు వదినా. దాన్ని వెంటాడడానికే ఒక కమిటీ ఉంటుంది.

ఇప్పుడొక చిక్కు. దొడ్లపల్లెలో ఒక మోటారు పడవ "పనిచేయు స్థితిలో" ఉందని జవాబులో రాశారు. అది నిజమైతే కొత్త రెండూ పెన్న ఒడ్డున చేజర్లకు, కలువాయికి ఇమ్మని సార్ రాస్తారు. నిజం కాకపోతే మొదటిది మన ఉదయగిరి వైపుకే అడుగుతారు. వారంలో జాబితా ఖాయమవుతుంది. ఉందా లేదా, ఒక్క ముక్క రాయి.

కండక్టరు చేతికి ఒక చీర కూడా ఇచ్చాను. ఆ ఆకుపచ్చదాని జతే. కట్టుకుని ఫొటో పంపు.

నీ చెంచు


ఉదయగిరి,
అక్టోబరు 3

చెంచులక్ష్మి గారికి,

మీరు అడిగిన సంగతి: పడవ ఉండాది.

చీర తిప్పి పంపుతున్నాను. ఆ రంగు నాకు నప్పదు.

ఇట్లు,
ఆదిశేషమ్మ, హోంగార్డు


ఆత్మకూరు,
అక్టోబరు 21

వదినా,

గారు ఏంది, మీరు ఏంది? ఉత్తరం చదివి ముందు నవ్వాను, తర్వాత నవ్వు రాలేదు. చీర అట్టపెట్టె కూడా విప్పకుండా తిప్పి పంపావు. నేనేం చేశానో చెప్పు. తిట్టాలనుకుంటే తిట్టు. చిన్నప్పుడు జుట్లు పట్టుకుని కొట్టుకుని, అరగంటకల్లా ఒకే గిన్నెలో తిన్నవాళ్ళం. ఇలా కాగితం మీద దణ్ణం పెట్టి దూరం చేయడం నాకు తెలీదు.

జాబితా ఖాయమైంది. నీ మాట మీద రెండు పడవలూ చేజర్లకు, కలువాయికి రాశారు. చేజర్లకు పోయిన వారమే వచ్చేసింది, మంత్రి గారి మనుషులు కొబ్బరికాయ కొట్టి ఫొటోలు దిగారు.

వానలు మొదలవుతాయంటున్నారు. నాయనను గొర్రెలు తోలుకుని దూరం పోవద్దని చెప్పు. నా మాట వినడు, నీ మాటే వింటాడు. అది కూడా నాకు మొదటినుంచీ కడుపుమంటే, తెలుసా నీకు?

చెంచు


ఉదయగిరి,
నవంబరు 24

చెంచూ,

నువ్వు ఆసుపత్రికి వచ్చినప్పుడు నేను వరండాలో బల్ల మీద ఉన్నాను. నువ్వు నా చెయ్యి పట్టుకుని ఏడ్చి, "నీ వల్లే నాయన దక్కినాడు వదినా" అన్నావు. ఆ మాట నా దగ్గర ఉంచుకోలేక రాస్తున్నాను. ఇది చదివాక నువ్వు ఏం చేసినా సరే.

ఆ రోజు తెల్లారి వాన లేదు. వాగు మధ్య తిప్ప మీద పచ్చిమేత ఉందని మామ, మన వీధి పిచ్చమ్మ కలిసి మందను తోలుకెళ్ళారు. తొమ్మిదింటికి వాన పట్టుకుంది. పదకొండుకు కొండ మీది నీళ్ళన్నీ ఒక్కసారి ఎర్రవాగులో పడ్డాయి. తిప్ప చుట్టూ నీళ్ళు. గొర్రెలు ఒకదాని వెనక ఒకటి కొట్టుకుపోతుంటే మేం చప్టా ఇవతల ఒడ్డునుంచి చూస్తున్నాం. వాళ్ళిద్దరూ తుమ్మచెట్టును పట్టుకుని ఉన్నారు.

ఈసారి అనుమతి కోసం ఆగలేదు. తాళం నేనే పగలగొట్టాను. ట్రాక్టరు మీద పడవ తెచ్చి గాలి కొట్టాం. మోటారు బిగించే చోటు ఖాళీగా ఉంది. పిచ్చమ్మ కొడుకు శ్రీనివాసులు అటే చూసి, "మోటారేదక్కా?" అన్నాడు.

"రిపేరుకు పోయినాది."

"ఎప్పుడు?"

"సెప్టెంబరులో."

వాడు పడవలోకి దూకాడు. నేనూ ఎక్కాను. తెడ్లు వేసి రెండుసార్లు పోయాం, రెండుసార్లూ వాగు మమ్మల్ని ఫర్లాంగు దూరం ఈడ్చుకెళ్ళి ఒడ్డుకు కొట్టింది. తర్వాత నడుముకు తాడు కట్టుకుని దిగాను. గుండెల దాకా వచ్చేసరికి కాళ్ళు తేలిపోయాయి, ఒడ్డునున్నవాళ్ళు లాగేశారు. ఇదే నువ్వు విన్న సాహసం.

చేజర్ల నుంచి కొత్త పడవను లారీ మీద బయలుదేరదీశామని ఫోను వచ్చింది. రోడ్లు తెగి మూడు గంటలు పట్టింది. అది వచ్చి మామను ఒడ్డుకు చేర్చింది మూడున్నరకు. పిచ్చమ్మ పోయింది రెండున్నరకు. మామ తర్వాత చెప్పాడు: "అన్నా, చేతులు తిమ్మిరెక్కినాయి అనింది. మణికట్టు పట్టుకున్నా. నా చేతిలో గాజు ముక్కలు మిగిలినాయి, మనిషి మిగల్లేదు."

మోటారు లేదని నాకు తెలుసు చెంచూ. సెప్టెంబరు పన్నెండున ఇన్‌ఛార్జి దాన్ని వ్యానులో ఎక్కిస్తుంటే గేటు తీసింది నేనే. నువ్వు అడిగినప్పుడు "మోటారు లేదు" అని రాయబోయాను. రెండే మాటలు. రాయలేదు.

ఎందుకంటే నీ ఉత్తరం రావడానికి రెండు రోజుల ముందు టీకొట్టులో పేపరు చూశాను. మాస్టారి పక్కన నీ ఫొటో. "క్షేత్రస్థాయిలో తిరిగి వివరాలు సేకరించిన చెంచులక్ష్మి." దాని కింద పెద్ద అక్షరాల్లో నా ఈల మాట, నీ పేరుతో. నా పేరు ఎక్కడా లేదు. నువ్వు పంపిన రెండు పేజీల ఉత్తరంలోనూ లేదు. ఆ పేపరు మడిచి జేబులో పెట్టుకుని వారం తిరిగాను. మా అమ్మకు పక్షవాతం వచ్చి నేను ఇంటర్‌తో మానేస్తే, నా నోట్సులతో నువ్వు ఇంటర్ పాసై డిగ్రీ కూడా చేశావు. అప్పుడు కూడా ఇంత మంట లేదు. ఇప్పుడు నేను నిజం రాస్తే అది కూడా నీ ఫొటో కిందికే పోతుంది కదా అనిపించింది. అబద్ధం బయటపడి సభలో నీ సార్ పరువు పోవాలి, నిన్ను పంపించెయ్యాలి అనుకున్నాను. మనిషి పోతుందని అనుకోలేదు. మామ ఆ తిప్ప మీద ఉంటాడని అసలే అనుకోలేదు.

ఆదిశేషమ్మ


ఆత్మకూరు,
డిసెంబరు 2

నీ ఉత్తరం చదివి చింపాను. తర్వాత ముక్కలు ఏరి అంటించాను, నీమీద ప్రేమతో కాదు. ఎప్పుడైనా మనసు కరిగితే మళ్ళీ చదువుకోవడానికి.

నన్ను కొట్టి ఉంటే పోయేది. పేపరు నా ముఖాన విసిరి ఉంటే పోయేది. నాయన నాలుగున్నర గంటలు చెట్టు పట్టుకుని వేలాడాడు. ఇప్పటికీ ఎడమ చెయ్యి పైకి లేవడం లేదు. పిచ్చమ్మత్త నాకు జడ వేసిన మనిషి. నువ్వు రెండు మాటలు మింగావు, ఆమెను వాగు మింగింది. నీ ముఖం నాకు చూపించకు.

డిసెంబరు 5

పైన రాసింది పోస్టు చేయలేదు. కొట్టివేయను కూడా. దాని కింద మిగతాది రాస్తున్నాను.

నిన్న నాయనకు నీ ఉత్తరం చదివి వినిపించాను, నీమీద ఆయనకు కూడా కోపం రావాలని. అంతా విన్నాడు. తర్వాత, "అది చేసింది తప్పే. నువ్వు దాని రాతకు నీ పేరెందుకు పెట్టుకున్నావు మే?" అని అడిగాడు.

నీ జూలై ఉత్తరంలోని సంగతులు తిరగరాసి ఇస్తే, చదివి సార్ కళ్ళద్దాలు తీశారు. "ఎవరు రాశారమ్మా ఇది?" అన్నారు. ఏడాది పాటు నేను రాసిన ఒక్క కాగితం చదివి కూడా ఆయన అలా అడగలేదు. నా నోటినుంచి "నేనే సార్, తిరిగి చూసి రాశాను" అని వచ్చేసింది. వెనక్కి తీసుకోవడానికి మూడు నెలలు టైముండింది, తీసుకోలేదు. అక్టోబరులో నీ ఒంటి ముక్క సంగతి చెబితే సార్ అన్నారు, "పడవ ఉంది సరే, మోటారు తిరుగుతోందా? నువ్వే మళ్ళీ వెళ్ళి చూసి రా." "మళ్ళీ" అన్నారు. అసలు మొదటిసారే నేను వెళ్ళలేదు. గోడౌను ఎటు వైపుందో కూడా తెలీదు. వెళ్తే అక్కడ నువ్వుంటావు, నీ రాతకు నా పేరు పెట్టుకున్న సంగతి నీకు తెలిసిపోతుంది. "చూశాను సార్, బాగుంది" అన్నాను.

కాబట్టి నువ్వొక్కదానివే కాదు.

సార్‌కు అంతా చెప్పేశాను. తిట్టలేదు, అదే కష్టంగా ఉంది. జనవరిలో మండలి హామీల కమిటీ ఆత్మకూరు గెస్ట్‌హౌసుకు వస్తోంది. సభకు ఇచ్చిన జవాబు తప్పెలా అయిందో విచారిస్తారు. నీ ఉత్తరాలు రెండూ కమిటీకి ఇచ్చాను, నీ పేరుతో. మొదటిదీ, "పడవ ఉండాది" అన్నదీ. నా అబద్ధం కూడా రాసిచ్చాను. నిన్ను పిలుస్తారు. విచారణ తలుపులు మూసి జరుగుతుంది, నా వంతు అయిపోయాక నేను లోపల ఉండకూడదు. నువ్వు ఏం చెప్పుకుంటావో నీ ఇష్టం. నిన్ను కాపాడను. నన్ను కాపాడమని అడగను.

చెంచులక్ష్మి


ఉదయగిరి,
జనవరి 19

చెంచూ,

గెస్ట్‌హౌసు గేటు దగ్గర నువ్వు నిలబడి ఉన్నావు. నేను లోపలికి పోతూ చూశాను, నువ్వు ముఖం తిప్పుకున్నావు. సాయంత్రం బయటికి వచ్చేసరికి లేవు. లోపల ఏం జరిగిందో వాళ్ళ నోటా వీళ్ళ నోటా రకరకాలుగా వినే ముందు నా నోట విను.

పొడుగాటి బల్ల. అటు ఏడుగురు సభ్యులు, ఇటు ఆఫీసర్లు. మాస్టారు మూలన కూర్చున్నారు, నావైపు చూడలేదు. ముందు ఒక పెద్ద ఆఫీసరును అడిగారు.

"పడవ అందుబాటులో ఉన్నదన్న మాట వాస్తవమే సార్" అన్నాడాయన. "మోటారు మాత్రం తాత్కాలికంగా మరమ్మతులో ఉంది."

"రెండు నెలలు తాత్కాలికమా?" అని చైర్మన్ అడిగితే ఫైలు తిప్పుతూ కూర్చున్నాడు. జవాబు రాసేముందు ఎవరైనా గోడౌనుకు వెళ్ళి చూశారా అని ఇంకో సభ్యుడు అడిగాడు. కింది ఆఫీసు నుంచి వచ్చిన కాగితం చూశామన్నారు. కింది ఆఫీసువాళ్ళు పోయినేటి రిజిస్టరు చూశామన్నారు. ఇన్‌ఛార్జి, రిజిస్టరులో "పడవ" అని ఒక్కటే గడి ఉంది, మోటారుకు వేరే గడి లేదన్నాడు.

తర్వాత నన్ను లేపారు. నా ఉత్తరాలు చైర్మన్ చేతిలో ఉన్నాయి.

"పడవ ఉండాది అని రాసింది నువ్వేనా అమ్మా?"

"నేనే సార్."

"అప్పటికి మోటారు లేదని తెలుసా?"

"తెలుసు సార్. ఆ సార్ చెప్పిందీ, నేను రాసిందీ ఒకటే రకం నిజం. పడవ ఉండాది."

ఆఫీసరు నన్ను కొరకొరా చూశాడు. చైర్మన్, "మీ పైవాళ్ళెవరైనా రాయొద్దని బెదిరించారా?" అన్నారు. ఆ గదిలో సగం మంది నేను అవునంటే బాగుండునని చూస్తున్నారు. అవునని ఉంటే నా తప్పు పోయి ఇన్‌ఛార్జి మెడకు పడేది. నోటిదాకా వచ్చింది చెంచూ, దాచను.

"లేదు సార్. ఎవ్వరూ ఏమీ అన్లేదు."

"మరి ఎందుకు రాయలేదు?"

"ఈర్ష్య సార్. నా రాత మీద మా మరదలి పేరు పడినాది. ఓర్వలేకపోయినాను. అందుకే రాయలేదు."

నోట్ చేసుకునే ఆయన కలం ఆపి, "కారణం ఏమని వేయమంటారు సార్?" అని అడిగాడు.

"వ్యక్తిగత కారణాలు అని వేయండి" అన్నారు చైర్మన్.

"వద్దు సార్" అన్నాను. అడగకుండా మాట్లాడడం అదే మొదలు. "వ్యక్తిగతం అంటే ఇంట్లో జొరమో, పెండ్లో అనుకుంటారు. ఒక మనిషి పొయ్యిండాది సార్. ఈర్ష్య అనే రాయండి."

చైర్మన్ నోట్ చేసుకునే ఆయనవైపు తిరిగి, "అలాగే రాయండి" అన్నారు.

ఆ తర్వాత చూలాలి సంగతి, ఈలల సంగతి, తాళం సంగతి అన్నీ అడిగారు. గంట సేపు చెప్పాను. ఒక సభ్యురాలు నీళ్ళ గ్లాసు నా ముందుకు జరిపింది.

మరుసటి రోజు నుంచి నా డ్యూటీ ఆపేశారు. తాళం పగలగొట్టినందుకో, ఉత్తరానికో చెప్పలేదు. శ్రీనివాసులు ఇంటికి వెళ్ళి, ఇదంతా వాడి ముందు నిలబడి చెప్పాను. వాడు విని, లోపలికి పోయి తలుపు వేసుకున్నాడు. అది వాడి హక్కు.

ఆదిశేషమ్మ


ఆత్మకూరు,
మార్చి 28

వదినా,

కమిటీ నివేదికను సభలో పెట్టారు. నలభై రెండు పేజీలు. ఇరవై ఏడో పేజీలో నీ మాట అచ్చులో ఉంది: "తెలిసిన విషయమును ఈర్ష్య వలన తెలుపలేదని సాక్షి స్వయముగా అంగీకరించినది." దాని కింద నా అబద్ధం, నా పేరుతో. నాలుగుసార్లు చదివాను.

వాళ్ళు చేసిన సిఫారసుల్లో ముఖ్యమైనది ఒకటి చెబుతాను. ఇకమీదట ఏ పడవైనా "ఉన్నది" అని సభకు జవాబివ్వాలంటే, అంతకు ముందు నెలలో దాన్ని నీళ్ళలో దించి నడిపించి, నడిపిన మనిషి సంతకం పెట్టాలి. పైవాళ్ళ సంతకం చాలదు. వరద డ్యూటీకి వెళ్ళే హోంగార్డులకు జాకెట్టు, తాడు, శిక్షణ ఇవ్వాలని, ప్రాణం పోతే కుటుంబానికి పరిహారం ఇవ్వాలని రాశారు. పిచ్చమ్మత్త కుటుంబానికి కూడా. వీటికి డబ్బు ఇచ్చే పద్దు మీద ఓటు అసెంబ్లీలోనే, మండలి వాళ్ళకు ఓటు లేదు. సార్ గ్యాలరీలో నా పక్కన కూర్చుని, చేతులు లేస్తుంటే వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నారు. నెగ్గింది. వచ్చే వానలకు దొడ్లపల్లెకు కొత్త మోటారు వస్తుంది. నీ డ్యూటీ సంగతి మాత్రం ఇంకా ఫైలులోనే ఉంది.

సార్ నన్ను పనిలోంచి తీసెయ్యలేదు. ఇప్పుడు ఏ ఊరి సంగతైనా ఆ ఊరికి వెళ్ళి చూసే రాస్తున్నాను. చెప్పులు అరిగాయి.

ఇప్పుడు అసలు మాట. సార్ నిన్ను ఆఫీసుకు రమ్మంటున్నారు. ఈ సామాను లెక్కలు జిల్లా మొత్తం తిరిగి చూసి రాసే పని. "ఆ అమ్మాయి రాయగలదు, తన మీద తను కూడా రాసుకోగలదు. అలాంటి మనిషి నాకు కావాలి" అన్నారు. నాతో చెప్పి నీకు కబురు చేయమన్నది ఈ నెల ఇరవైన. నేను రాస్తున్నది ఇరవై ఎనిమిదిన.

ఎనిమిది రోజులు ఈ మాట నా దగ్గరే ఉంచుకున్నాను. రోజూ రాద్దామని కూర్చుని, నువ్వు వస్తే సార్ ఇక నా కాగితాలు చదవరేమో అనుకుని లేచిపోయాను. నాలుగో రోజు సార్ "మీ వదిన ఏమంది?" అంటే "ఆలోచించుకుంటోంది" అన్నాను. మళ్ళీ అబద్ధం, వదినా. పిచ్చమ్మత్త పోయాక కూడా. ఈ కడుపుమంట పోయేది కాదని అప్పుడు అర్థమైంది. పోయేదాకా ఆగితే ఈ ఉత్తరం ఎప్పటికీ నీకు చేరదు. అందుకే అది ఉండగానే పోస్టు చేస్తున్నాను.

చెంచు


ఉదయగిరి,
ఏప్రిల్ 2

చెంచూ,

నువ్వు ఎనిమిది రోజులు దాచావని చదివి నాకు కోపం రావాలి. నవ్వొచ్చింది. ముప్పై ఆరేళ్ళుగా నేనే ఒకరిని చూసి కుళ్ళుకుంటున్నాను. నన్ను చూసి ఒకరు ఇంతగా కుళ్ళుకోవడం ఇదే మొదలు. మామకు చదివి వినిపిస్తే, "ఇద్దరూ సరిపొయినారు" అని ముఖం అటు తిప్పుకున్నాడు. నవ్వాడో ఏడ్చాడో కనపడలేదు.

పిచ్చమ్మ పోయిన చోటికి నిన్న వెళ్ళాను. వాగు ఎండిపోయింది. తుమ్మచెట్టు వంగి ఉంది. ఏమీ అనిపించలేదని చెప్తే అబద్ధం, ఏం అనిపించిందో రాయడం నాకు రాదు. శ్రీనివాసులు చప్టా మీద బండి ఆపి నన్ను చూసి వెళ్ళిపోయాడు. ఇంకా మాట్లాడడం లేదు. మాట్లాడకపోయినా ఫరవాలేదు, కొత్త మోటారు వచ్చాక దాన్ని నడపడం నేర్చుకోవడానికి మొదటి పేరు వాడే ఇచ్చాడట.

సోమవారం పొద్దుటి బస్సుకు వస్తున్నాను. డ్యూటీ తిరిగి ఇచ్చినా, ఇవ్వకపోయినా ఈ పని చేస్తాను. నీ పక్కన కూర్చుంటే మంట తగ్గుతుందని చెప్పను. రెండు రోజులకొకసారి కొట్టుకుంటాం కూడా. ఒక్క మాట మాత్రం ముందే ఒప్పుకో. ఎవరు రాసిన దాని కింద వాళ్ళ పేరే ఉండాలి. తెలిసి రాయకుండా దాచింది ఏదైనా ఉంటే, దాని కింద కూడా.

నీ వదిన,
ఆదిశేషమ్మ